చెప్పు ఊడిపోతుంటే తలకు స్కాన్

సంపాదకులకు నమస్కారం.

జూన్ 8, ప్రపంచ బ్రెయిన్ ట్యూమర్ దినోత్సవం రోజున మీరు వేసిన వ్యాసం చదివాను. లక్షణాల్లో తలనొప్పి, వాంతులు, ఫిట్స్ అని రాశారు. మా అక్కకు వీటిలో ఒక్కటీ రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

అక్క ఎడమకాలి చెప్పు ఊడిపోయేది. ఊడిన సంగతి తనకు తెలిసేది కాదు. ఓసారి పల్లెవెలుగు బస్సు ఎక్కుతుంటే చెప్పు రోడ్డు మీదే ఉండిపోయింది, కండక్టర్ కేకేస్తేగానీ చూసుకోలేదు. చెప్పులు వదులయ్యాయేమో అని వెనక పట్టీ ఉన్నవి కొన్నాం. నడుం దగ్గర నరం నొక్కుకుందని ఒక డాక్టరు అన్నారు. నాలుగు నెలలు బెల్టు పెట్టుకునే మిషన్ తొక్కింది. ఇద్దరం పక్కపక్కనే కుడతాం. పెడల్ మీద ఆ పాదం ఆనడం లేదని నాకు కనిపిస్తూనే ఉంది, అయినా ఊరుకున్నాను. ఆ బాధ ఇంకా పోలేదు.

చివరికి గుంటూరులో న్యూరో డాక్టరు తలకు ఎంఆర్ఐ రాశారు. నడినెత్తికి కొంచెం కుడిపక్కన నిమ్మకాయంత గడ్డ. ఎడమకాలిని కదిలించే చోటు మెదడులో సరిగ్గా అక్కడే ఉంటుందని ఫిల్మ్ మీద పెన్నుతో చూపించారు. దాని పేరు మెనింజియోమా. మెదడును కప్పి ఉంచే పొరల్లో పుట్టి మెదడును నొక్కుతుందట. చాలావరకు క్యాన్సర్ కాదు, మెల్లగా పెరుగుతుంది. ఈ సంగతి తెలియకే మా మేనమామ 'తల తెరిస్తే మనిషి దక్కదు' అని అడ్డుపడ్డాడు. ఆ టెన్షన్‌లో మూడు వారాలు పోయాయి.

ట్యూమర్లన్నీ ఒకటి కావు. గ్లియోబ్లాస్టోమా అనే రకం అయితే నాలుగో గ్రేడు, అంటే అన్నిటికన్నా తీవ్రమైనది. ఆపరేషన్ తర్వాత మామూలుగా ఆరు వారాల రేడియేషన్, టెమోజోలోమైడ్ మందు ఇస్తారు, అయినా తిరగబెడుతుంది. అక్కది బయాప్సీలో మొదటి గ్రేడని తేలింది. ఆపరేషన్‌లో గడ్డ మొత్తం వచ్చేసింది కాబట్టి రేడియేషన్ అక్కర్లేదన్నారు. ఏడాదికోసారి ఎంఆర్ఐ తీయించుకుంటే చాలు. కాలికి మాత్రం మూడు నెలలు ఫిజియోథెరపీ చేయించాం. నేల మీద పరిచిన తువ్వాలును కాలివేళ్లతో దగ్గరికి లాక్కునేది. మొదటివారం అంచు కూడా కదల్లేదు.

గడ్డ ఏ రకం, ఏ గ్రేడు, ఎక్కడ ఉంది, మొత్తం తీయగలరా అని డాక్టర్ని అడగమని మీ ఆరోగ్యం పేజీలో రాయండి. ఒకవైపు కాలో చెయ్యో రోజురోజుకూ పట్టు తప్పుతుంటే నొప్పి లేదని ఊరుకోవద్దని కూడా దయచేసి రాయండి.

– ఒక టైలర్, తెనాలి