పిన్‌బాల్‌లో మజా తగ్గిందా? ముందు ఫ్లిప్పర్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

పాత ఆర్కేడ్ల (నాణెం వేసి ఆడే మిషన్లుండే చోట్ల) కబుర్లలో పిన్‌బాల్‌ను, అంటే వాలు బల్ల మీద ఉక్కు బంతిని కొట్టి ఆడే మిషన్ ఆటను, అదృష్టం ఆటగా తీసిపారేయడం తరచూ వింటుంటాం. ఆ మాట తప్పు. న్యూయార్క్ నగరం కూడా అలాగే అనుకుని, 1942లో జూదమని దాన్ని నిషేధించింది. 1976లో రోజర్ షార్ప్ అనే ఆటగాడు నగర కౌన్సిల్ వాళ్ల ఎదుటే, బంతి ఏ సందులోంచి దిగుతుందో ముందే చెప్పి అందులోంచే దింపి చూపించారు. ఆ ఏడాదే నిషేధం పోయింది.

ఆట మన చేతికొచ్చింది ఫ్లిప్పర్లతోనే, అంటే బటన్ నొక్కితే లేచి బంతిని కొట్టే చిన్న రెక్కలతోనే. 1947లో చికాగో గాట్లీబ్ కంపెనీ 'హంప్టీ డంప్టీ' మిషన్‌లో వాటిని తొలిసారి పెట్టింది. ఇప్పుడు 1970ల నాటి మిషన్ కొని బేస్‌మెంట్‌లో పెట్టుకున్న మనవాళ్లు కొందరు, బంతి సగం దూరం పోయి జారిపోతోందని, అప్పటి మజా లేదని దాన్ని అమ్మేస్తున్నారు. చాలాసార్లు లోపం ఫ్లిప్పర్ కింద ఉండే చిన్న స్విచ్చిదే.

ఫ్లిప్పర్‌ను లేపేది కాయిల్, అంటే కరెంటు పోగానే అయస్కాంతమై ఇనుప కడ్డీని లోపలికి లాగే తీగ చుట్ట. అందులో రెండు చుట్లుంటాయి. లావు తీగ చుట్టు బంతిని కొట్టడానికి, సన్న తీగ చుట్టు ఫ్లిప్పర్‌ను పైన నిలిపి ఉంచడానికి. బటన్ నొక్కగానే కరెంటంతా లావు తీగలోంచి పోతుంది. ఫ్లిప్పర్ పూర్తిగా లేచిన క్షణంలో ఆ స్విచ్చి విడిపోయి సన్న తీగను కూడా దారిలోకి తెస్తుంది, దాంతో కరెంటు తగ్గుతుంది. స్విచ్చి మొనలు కాలి నల్లబడితే మొదటి నుంచే కరెంటు తగ్గిపోయి దెబ్బలో పస ఉండదు. అసలు విడిపోకపోతే, బటన్ పట్టుకుని ఉన్నంతసేపూ కాయిల్ వేడెక్కి మాడిపోతుంది.

ప్లగ్గు పీకి, సన్నని ఆకురాయితో ఆ మొనలను రుద్దండి. ఉప్పుకాగితం వద్దు, దాని రేణువులు మొనల్లో ఇరుక్కుంటాయి. ఫ్లిప్పర్‌ను చేత్తో పూర్తిగా లేపితే మొనల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు రావాలి. కాయిల్ లోపలి నైలాన్ గొట్టం అరిగితే మార్చేయండి, దొరుకుతుంది. అందులో నూనె మాత్రం వేయొద్దు. దుమ్ము పట్టి జిగురై ఇనుప కడ్డీ ఇరుక్కుంటుంది. నూనె పోసి పాడైన మిషన్లే ఎక్కువ.

1970ల చివరి బ్యాలీ కంపెనీ ఎలక్ట్రానిక్ మిషన్లకైతే ముందు సర్క్యూట్ బోర్డు మీది నికెల్ కాడ్మియం బ్యాటరీ తీసేయాలి. అది కారితే రాగి గీతలను చిలుము తినేస్తుంది. ఆ రిపేరు కష్టం.

రబ్బరు రింగులు గట్టిపడితే మార్చండి. బంతి 27 మిల్లీమీటర్ల ఉక్కు గుండు, 80 గ్రాములు. దాని మీద గీతలు పడితే బల్ల రంగును గీరేస్తుంది, కొత్తది వేయండి. అడ్డంగా రసమట్టం పెట్టి కాళ్లు సరిచేయండి. ముందుకు వాలు, ఎలక్ట్రానిక్ బోర్డు లేకుండా రిలేలతో (కరెంటుతో కదిలే స్విచ్చిలతో) నడిచే పాత మిషన్లకు మూడున్నర డిగ్రీలు, ఎలక్ట్రానిక్ వాటికి ఆరున్నర.

పిల్లలు మిషన్‌ను ఊపుతుంటే ఆట ఆగిపోతోందని కొందరు టిల్ట్ గుండును, అంటే మరీ ఊపితే ఆట ఆపేలా లోపల కడ్డీకి వేలాడే బరువును, పీకేస్తున్నారు. అది దారుణం! అదుపులో ఊపడమే ఈ ఆటలో సగం నేర్పు. గుండును కడ్డీ మీద కాస్త జరిపి మర బిగిస్తే చాలు.

ఇట్లు,
పాత మిషన్లు బాగుచేసే ఒక పాఠకుడు,
చికాగో