మా పంటు గట్టు చేరేసరికి బస్సు వెళ్లిపోతోంది మంత్రిగారూ

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. సఖినేటిపల్లి మండలం నుంచి రాస్తున్నాను. మా బస్సు, రోడ్ల బాధ గురించి ఇంతకుముందు నాలుగు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి రశీదు ఇచ్చారు. పది రోజులకి ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో కనుక్కుందామని వెళ్తే, రేవు తమ పరిధిలోది కాదన్నారు. రేవు చూసేవాళ్లకి రెండోది ఇస్తే, బస్సు తమ చేతిలో లేదన్నారు. మూడోదీ నాలుగోదీ ఏమయ్యాయో ఇవాళ్టికీ తెలీదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా అమ్మాయి ఏటికి అవతల, నరసాపురంలో డిగ్రీ చదువుతోంది. సాయంత్రం అవతలి గట్టున పంటు, అంటే మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కుతుంది. పంటు మా గట్టుకి ఆనుకుని ఇనుప రేకు దించాక ముందు కార్లు, ఆ వెనక ఆటోలు, మోటారు సైకిళ్లు దిగుతాయి. నడిచి దిగేవాళ్ల వంతు ఆఖరికి వస్తుంది. ఈలోగా గట్టు మీద బస్సు హారన్ కొట్టి కదిలిపోతుంది. పుస్తకాల సంచీలతో పంటులో నిలబడ్డ పిల్లలు ఆ బస్సు వెనక ఎర్ర లైట్లు చూస్తూ ఉండిపోతారు. ఐదు నిమిషాలండీ! ఆ ఐదు నిమిషాలు ఆగితే ముప్ఫై నలభై మంది ఎక్కుతారు. ఆగదు. మళ్లీ గంటన్నర దాకా బస్సు లేదు. షేర్ ఆటో నిండితే గాని కదలదు, నిండాక ఇంకో ఇద్దరిని ఎక్కిస్తారు. పోయిన కార్తీకంలో, చీకటి పడ్డాక, నా కూతురు ఆటో వెనక చెక్క మీద కాళ్లు బయటికి వేలాడేసుకుని రావడం నా కళ్లతో చూశాను. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి టికెట్ లేకుండా బస్సు ఎక్కే అవకాశం ఇచ్చారు. మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు, మనస్ఫూర్తిగా దండం పెడుతున్నాను. కానీ అందని బస్సుకి టికెట్ లేకపోతే మా పిల్లకి ఒరిగేదేముంది? ఆటోకి డబ్బులు ఇచ్చుకుంటూనే ఉంది.

ఇక ఆదివారాల సంగతి. అంతర్వేదిలో భీష్మ ఏకాదశి తీర్థానికి ప్రత్యేక బస్సులు వేస్తారు, పోలీసులుంటారు, ఎలాగో గడిచిపోతుంది. తీర్థం కాని రోజుల్లోనే మా ప్రాణం పోతోంది. సంక్రాంతి వారం, కార్తీక మాసం, శని ఆదివారాలు చించినాడ వంతెన మీద నుంచి కార్ల బారు మొదలవుతుంది. దిండిలో పడవలు చూసి, అంతర్వేదిలో స్వామి దర్శనం చేసుకుని, సాగర సంగమం దగ్గర ఫొటోలు దిగి వెళ్తారు. రానివ్వండి, మా సీమ చూడ్డానికి పదిమంది వస్తే మాకూ సంతోషమే. కానీ మావి కాలవ గట్టు రోడ్లు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరి తోట, దాన్ని ఆనుకుని ఇళ్లు. ఎదురెదురుగా రెండు కార్లు వస్తే ఒకటి వెనక్కి పోవాలి. పోయిన ఏడాది మా అమ్మని రాజోలు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే మలికిపురం ఇవతల నలభై నిమిషాలు ఇరుక్కుపోయాం. ఆవిడ ఆటోలోనే వాంతి చేసుకుంది.

అర్జీ పెడితే రోడ్డు వెడల్పు చేస్తామంటారు. ఎటు వెడల్పు చేస్తారండీ? కాలవ పూడ్చా, ఇళ్లు తీసేసా? ఎంత వెడల్పు చేస్తే అన్ని కార్లు ఎక్కువ వస్తాయి. కార్లని రాజోలు దగ్గరో దిండి దగ్గరో ఆపి, అక్కణ్ణుంచి అరగంటకో చిన్న బస్సు తిప్పితే సరిపోతుంది. కరెంటు బస్సులైతే మరీ మంచిది, పొగ లేకుండా పోతుంది. వచ్చినవాళ్లు దిగిపోతే ఆ బస్సే మా ఊళ్లవాళ్లని ఎక్కించుకుంటుంది. ఈ మాట మూడో అర్జీలో వివరంగా రాశాను.

అసలు చిక్కు ఎక్కడుందో నాలుగేళ్లు తిరిగాక నాకు అర్థమైంది. గోదావరి పాయలు గౌతమికీ వశిష్ఠకీ నడుమ, మధ్యలో మరో పాయ వైనతేయ చీల్చిన ఈ నేలంతా నీళ్ల మధ్య దీవి. మాకు అది ఒకటే సీమ. కాగితాల మీద మాత్రం ముక్కలు. అమలాపురం మున్సిపాలిటీ తన హద్దు వరకే చూసుకుంటుంది. మా వైపు పంచాయతీలు. పంటు దిగే అవతలి గట్టు నరసాపురం మున్సిపాలిటీ, అది పశ్చిమగోదావరి జిల్లా. ఎదుర్లంక వంతెన దాటితే యానాం, అది పుదుచ్చేరి. 2022లో మాకు జిల్లా వచ్చినప్పుడు ఇక అన్నీ ఒక చోట తేలుతాయనుకున్నాం. కానీ ఏటికి రెండు గట్లూ ఉంటాయి కదండీ, ఒక గట్టువాళ్లు మాట్లాడుకుంటే పని అవదు. పంటు టైము ఒకరిది, బస్సు టైము ఇంకొకరిది, కార్లు ఎక్కడ ఆపాలో ఎవరిదీ కాదు.

పెద్ద మాటలు మేం చాలా విన్నాం. కోటిపల్లి నుంచి నరసాపురం రైలు మార్గం 2000-01లో మంజూరైంది. యాభై ఏడు కిలోమీటర్లు. లోక్‌సభ స్పీకరుగా చేసిన మా బాలయోగి గారు బతికుండగా మొదలైన కల. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. గౌతమిలో స్తంభాలు లేచాయి, రైలు రాలేదు. సఖినేటిపల్లి దగ్గర వశిష్ఠ మీద వంతెనకి శంకుస్థాపనలు చూశాం, వంతెన చూడలేదు. వరదొచ్చి పంటు ఆపేస్తే ఎదురుగా కనిపించే నరసాపురానికి ఇప్పటికీ చించినాడ, పాలకొల్లు తిరిగి వెళ్తున్నాం.

అందుకే ఇవాళ వంతెన అడగడం లేదు. రైలూ అడగడం లేదు. బస్సుని ఐదు నిమిషాలు ఆపమంటున్నాను. రెండు జిల్లాలవాళ్లనీ, మున్సిపాలిటీలవాళ్లనీ, పంచాయతీలవాళ్లనీ, పంటు నడిపేవాళ్లనీ ఒక్కరోజు ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టండి. అందులో మా ఊళ్ల ఆడపిల్లలు ఇద్దరిని కూడా పిలవండి, ఏ బస్సు ఎప్పుడు తప్పిపోతుందో వాళ్లకి నోటికి వచ్చు. వీలైతే మీరే ఒక సాయంత్రం, కాన్వాయ్ లేకుండా, అవతలి గట్టున పంటు ఎక్కి మా గట్టున దిగండి. నేను రేవు దగ్గరే ఉంటాను. రోజూ ఉంటున్నాను, మా అమ్మాయి కోసం.

ఇట్లు,
ఒక తండ్రి,
సఖినేటిపల్లి మండలం, కోనసీమ