ట్యాక్సీ ప్లేట్‌కు తాళం, ఓన్ ప్లేట్‌కు బీప్

సంపాదకుడు గారికి,

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒకే మోడల్ కార్లు రెండు పక్కపక్కన పోతున్నాయనుకోండి. ఒకటి ఓన్ ప్లేట్, ఇంకొకటి ట్యాక్సీ ప్లేట్. ట్యాక్సీ 80కి చేరగానే ఇంజిన్ ఇక ఊపందుకోదు, డ్రైవర్ ఎంత తొక్కినా ఫలితం ఉండదు. ఓన్ ప్లేట్ కారు 80 దాటితే బీప్‌మని ఒక శబ్దం వస్తుంది, ఆ తర్వాత 140 అయినా 150 అయినా అది పోతూనే ఉంటుంది. ఇంజిన్ ఒకటే, బ్రేకులు ఒకటే, గుద్దితే పోయే ప్రాణమూ ఒకటే. మరి ఈ తేడా ఎందుకో ఇంతవరకు నాకెవరూ సరిగా చెప్పలేదు, అందుకే మీ పేపరుకు రాస్తున్నాను. నాది ఓన్ ప్లేటే, కాబట్టి క్యాబ్‌వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నానని ఎవరూ అనుకోనక్కర్లేదు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 118వది ఉంది. 2015 అక్టోబర్ నుంచి తయారయ్యే రవాణా వాహనాలు గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా పరికరం ఉండాలని, స్కూలు బస్సులు, ట్యాంకర్లు, డంపర్లయితే 60 దగ్గరే ఆగాలని దాని కింద చెప్పారు. మొదట చిన్న క్యాబ్‌లను వదిలేసి, తర్వాత వాటినీ కలిపారు. సొంత కార్ల జోలికి మాత్రం పోలేదు. వాటికి 2019 జూలై 1 నుంచి తప్పనిసరి చేసింది హెచ్చరిక శబ్దం ఒక్కటే. 80 దాటితే ఆగి ఆగి మోగుతుంది, 120 దాటితే ఆపకుండా మోగుతుంది.

ఈ బీప్ కథ కారున్న వాళ్లందరికీ తెలుసు. హైవే ఎక్కగానే మోగడం మొదలవుతుంది, మ్యూజిక్ కాస్త పెంచుతారు, పది నిమిషాల్లో చెవికి అలవాటైపోతుంది. అసలు దాన్ని ఎలా తీసేయాలో చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడు. నాకు మాత్రం అది మోగడం మీద ఫిర్యాదు లేదు, మోగాల్సిన చోట మోగకపోవడం మీదే ఉంది. 2019 నవంబర్‌లో గచ్చిబౌలి దగ్గర బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద నుంచి ఒక కారు ఎగిరి కిందపడి, రోడ్డు పక్కన నిలబడి ఉన్న మహిళ చనిపోయింది గుర్తుందా? అక్కడ పరిమితి 40, ఆ కారు 100 దాటిన వేగంతో వచ్చిందని పోలీసులు చెప్పారు. అలాంటి చోట 80 దాటాక మోగే బీప్ ఎవరికి పనికొస్తుంది? అది నోరు తెరిచేసరికే కారు పరిమితికి రెట్టింపు వేగంలో ఉంటుంది. అదే కారు ఔటర్ మీద 90లో పోతుంటే, అక్కడ 120 దాకా పోవచ్చని 2023లో అధికారులే అనుమతి ఇచ్చినా, ఇది మాత్రం తప్పు చేస్తున్నావన్నట్టు మోగుతుంది. కాలనీ రోడ్డుకూ, స్కూలు ముందు రోడ్డుకూ, ఔటర్‌కూ కలిపి ఒకే అంకె పెడితే డ్రైవర్ దాన్ని లెక్కచేయడం మానేస్తాడు, మానేశాడు కూడా.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, అందులో 71 శాతం మరణాలకు కారణం అతివేగం. ఎఫ్‌ఐఆర్‌లో అతివేగమని రాయడం సులువు, రోడ్డు మలుపు తప్పుగా వేశారని రాయడం కష్టం, ఆ అనుమానం నాకూ ఉంది. అయినా ఆ అంకెను కొట్టిపారేయలేం. చనిపోయిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు నడిచి వెళ్లేవాళ్లు. విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్, చిట్యాల లాంటి ఊళ్లలో హైవే దాటే ముసలివాళ్లను, పాల క్యాన్లతో వచ్చేవాళ్లను చూస్తే ఆ ఒక్కరు ఎవరో ఊహించుకోవచ్చు. వాళ్లకు కావాల్సింది ఊరి దగ్గర కారు నెమ్మదించడం, ఊరు దాటాక 80 దగ్గర ఎంత మోగితే వాళ్లకేం లాభం.

అలాగని ట్యాక్సీలకు వేసిన తాళం బ్రహ్మాండంగా పనిచేస్తోందా అంటే అదీ లేదు. మా బంధువుల్లో క్యాబ్ నడిపేవాళ్లున్నారు, వాళ్లు చెప్పేది ఇది. రెండు లేన్ల రోడ్డు మీద 75లో పోతున్న లారీని 80 దాటలేని కారుతో ఓవర్‌టేక్ చేయాలంటే దాదాపు అర నిమిషం ఎదురు వాహనాలొచ్చే వైపు ఉండాలి, అంటే 600 మీటర్ల పైమాటే. మధ్యలో ఎదురుగా బస్సు కనిపిస్తే ముందుకు దూకడానికి ఊపు ఉండదు. అందుకే చాలామంది ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రోజున బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించడానికి స్పీడ్ గవర్నర్, అంటే వేగాన్ని ఆపే ఆ పరికరం బిగిస్తారు, మర్నాడు వైరు పీకేస్తారు. ఇది అందరికీ తెలిసిన రహస్యమే. పరికరం అమ్మినవాడికి డబ్బులొచ్చాయి, కాగితం మీద రూలు అమలైంది, రోడ్డు మీద లారీ మాత్రం ఎప్పటిలాగే పోతోంది.

యూరప్‌లో వేరే దారి పట్టారు. 2022 జూలైలో కొత్త మోడళ్లతో మొదలుపెట్టి, 2024 జూలై 7 నుంచి అమ్మే ప్రతి కొత్త కారులోనూ ఆ రోడ్డు పరిమితి తెలుసుకునే ఏర్పాటు తప్పనిసరి చేశారు. కెమెరా బోర్డులు చదువుతుంది, లేదా మ్యాప్ నుంచి తీసుకుంటుంది, లేదా రెండూ. పరిమితి దాటితే శబ్దమో, పెడల్‌లో వణుకో వస్తుంది, కొన్నిట్లో ఇంజిన్ ఊపు తగ్గుతుంది. ఓవర్‌టేక్ చేయాలంటే పెడల్ ఇంకాస్త గట్టిగా తొక్కితే వదిలేస్తుంది. కావాలంటే ఆఫ్ కూడా చేసుకోవచ్చు, కానీ మళ్లీ బండి స్టార్ట్ చేయగానే తనంతట తానే ఆన్ అవుతుంది. సర్వీసు రోడ్డు బోర్డు చదివి మెయిన్ రోడ్డు మీద మోగుతోందని అక్కడి వాళ్లు తిట్టుకోవడమూ ఉంది. ఇక అమెరికాలో మనవాళ్లు బాగా ఉండే వర్జీనియా రాష్ట్రంలో అయితే 2025లో చేసిన చట్టం ప్రకారం, గంటకు వంద మైళ్లు దాటి పట్టుబడ్డవాళ్ల కారుకు ఇలాంటి పరికరం పెట్టించే అధికారం కోర్టుకు ఇచ్చారు. తప్పు చేసినవాడికి తాళం వేయడం, నాకైతే నచ్చింది. ఇక్కడ వెయ్యి, రెండు వేల చలానా కట్టి, అది కూడా డిస్కౌంట్ వచ్చేదాకా ఆగి కట్టి, మర్నాడు మళ్లీ అదే రోడ్డు మీద అదే వేగం.

మన దగ్గర యూరప్ పద్ధతి పెట్టాలంటే మొదట అడ్డుపడేది కారు కాదు, బోర్డు. కెమెరా చదవాలంటే బోర్డు ఉండాలి కదా. ఉన్నవాటిలో కొన్ని చెట్ల కొమ్మల వెనక, కొన్ని నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీల వెనక. 80 బోర్డు దాటిన కాసేపటికి 40 వస్తుంది, ఆ 40 ఎక్కడ ముగుస్తుందో చెప్పే బోర్డు కోసం ఊరంతా దాటినా కనిపించదు. ఏ రోడ్డుకు ఎంత వేగమో నోటిఫై చేసి బోర్డు పెట్టే అధికారం మోటారు వాహనాల చట్టం 112, 116 సెక్షన్ల కింద ప్రభుత్వాలకు ఎప్పటి నుంచో ఉంది. దానికి ఢిల్లీ నుంచి కొత్త చట్టం రానక్కర్లేదు.

నేననేది ఇంతే. ప్లేటు రంగు చూసి కాకుండా రోడ్డును చూసి పనిచేసే యంత్రం కొత్త బండ్లన్నిటికీ పెట్టండి, ఓన్ ప్లేట్, ట్యాక్సీ ప్లేట్ అని చూడకుండా. మరి బైకుల సంగతేంటని అడుగుతారు, మృతుల్లో వాళ్లే ఎక్కువ కాబట్టి ఆ ప్రశ్న సబబే, కానీ అది వేరే ఉత్తరం. ముందు కనీసం ఔటర్, 65, 44, 16 జాతీయ రహదారుల మీద ఏ కిలోమీటరు దగ్గర ఎంత పరిమితో ఒక జాబితా తయారు చేసి జనానికి, కార్ల కంపెనీలకు, మ్యాప్ కంపెనీలకు అందుబాటులో పెట్టాలి. అలాంటి జాబితా రెండు రాష్ట్రాల రవాణా శాఖల దగ్గర ఉందో లేదో మీ విలేకరులే ఒకసారి అడిగి, వాళ్లిచ్చిన జవాబు అచ్చువేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, నల్లగొండ