ధ్యానం దినచర్యలోకి రావాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా డిసెంబర్ 21ని ప్రపంచ ధ్యాన దినంగా పాటించాలని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2024లో తీర్మానించింది. ఆ ఒక్కరోజు సామూహిక కార్యక్రమాలు, మరునాడు పత్రికల్లో వాటి ఛాయాచిత్రాలు సరే గానీ, మిగతా రోజుల్లో సామాన్యులు ఏం చేయాలన్న చర్చ మాత్రం కనిపించడం లేదు. పది రోజులు మౌనంగా సాగే విపశ్యన ధ్యాన శిబిరాలు హైదరాబాద్‌లో రుసుము లేకుండానే నడుస్తున్నా, పసిబిడ్డ తల్లికో, కూలికి వెళ్లేవారికో అన్నాళ్ల తీరిక ఎక్కడిది?

అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో జాన్ కబాట్-జిన్ 1979లో ప్రారంభించిన ఎనిమిది వారాల ధ్యాన శిక్షణలో, ఒక ఎండుద్రాక్షను చేతిలోకి తీసుకుని, ముడతలు పరికించి, వాసన చూసి, నెమ్మదిగా నమిలి తినడం కూడా ఒక అభ్యాసమే. టీవీ చూస్తూ ఏం తిన్నామో తెలియకుండా కంచం ఖాళీ చేసే మన ఇళ్లలో మొదటి నాలుగు ముద్దలైనా అలా తినడానికి గురువు అక్కర్లేదు, యాప్ అసలే అక్కర్లేదు. బస్సు కోసం నిలబడినప్పుడు శ్వాసను గమనిస్తూ, మనసు పక్కకు పోయిన ప్రతిసారీ విసుక్కోకుండా వెనక్కి తెచ్చుకోవడమూ సాధనే.

అయితే ధ్యానం చేస్తే మందులు మానేయవచ్చనే ప్రచారానికి పత్రికలు చోటివ్వరాదు. తీవ్రమైన కుంగుబాటుతో బాధపడేవారికి వైద్యమే ముఖ్యం. ధ్యానంపై మీరు ప్రచురించే వ్యాసాల కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ సహాయ సంఖ్య 14416ను కూడా ముద్రించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, గుంటూరు