వార్షిక నివేదిక 2024–25: కార్యదర్శి మాట

సభ్యులందరికీ నమస్కారం.

పార్కు దీపాలు, బోరు మరమ్మతు ఎప్పటిలాగే అయ్యాయి. లెక్కలు చివరి పేజీలో ఉన్నాయి. నేను ఎక్కువగా చెప్పదలిచింది ఎన్నికల డబ్బు మీద సాగిన మన ఆదివారం చర్చల గురించి. అవి మొదలైందే ఒక గొడవతో.

నిరుడు ఏప్రిల్‌లో మన కుర్రాళ్లు కొందరు నచ్చిన అభ్యర్థి కోసం సొంత డబ్బుతో కరపత్రాలు వేయిస్తామన్నారు. మన లాయరుగారు ఆపారు. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని గెలుపు కోసం ఖర్చు పెడితే ఐపీసీ 171హెచ్ కింద నేరమట. పది రూపాయల లోపు ఖర్చయితే పది రోజుల్లో అనుమతి తెచ్చుకోవచ్చు. ఐపీసీ స్థానంలో 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో జరిమానాను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు గానీ, ఆ పది రూపాయలను మాత్రం కదపలేదు. పది రూపాయలకు ఎన్ని కరపత్రాలు వస్తాయో మన ప్రెస్సు ఆయన్నే అడగండి!

"నా డబ్బు, నా మాట. మధ్యలో ఎవరి పర్మిషన్ ఎందుకండీ?" అన్నాడు ఒక కుర్రాడు. ఏడాదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాం. అమెరికా సుప్రీంకోర్టు దాదాపు అతని మాటే అంది. 1976లో బక్లీ కేసులో ఎన్నికల విరాళాలపై పరిమితిని ఉంచి, ఖర్చుపై పరిమితిని కొట్టేసింది. 2010లో 5–4 తీర్పుతో కంపెనీల సొంత ప్రచార ఖర్చుకూ దారి తెరిచింది. మన దగ్గర అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు. పార్టీ ఖర్చుకు మాత్రం హద్దే లేదు. కుర్రాడి కరపత్రానికి కళ్లెం వేసి పార్టీని వదిలేయడం నాకైతే మింగుడుపడలేదు.

పార్టీలకు పేరు బయటపడకుండా విరాళమిచ్చే ఎలక్టోరల్ బాండ్ల గురించి మాట్లాడిన రోజు హాల్లో కుర్చీలు చాల్లేదు. "గుప్తదానం పుణ్యమే కదా, తప్పెలా అవుతుంది?" అన్నారు ఒక పెద్దాయన. హుండీలో వేస్తే దేవుడు కాంట్రాక్టు ఇవ్వడు గదా అని వెనక నుంచి జవాబు. 2024 ఫిబ్రవరి 15న మన సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ పథకాన్ని కొట్టేశారు. ఎవరు ఎవరికి ఇచ్చారో తెలుసుకోవడం ఓటరు హక్కని, అది రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణంలోనే ఉందని చెప్పారు. మన కుర్రాడు చెప్పుకున్న వాక్‌స్వేచ్ఛ కూడా ఆ అధికరణంలోదే. ఏ పార్టీ వైపు ఉన్నామో దాచుకునే హక్కు దాతకూ ఉందని కోర్టు ఒప్పుకుంది. కానీ చిన్న మనిషి అభిమానం వేరు, కంపెనీ కోట్లు వేరు అంది. కంపెనీ విరాళం దాని సగటు లాభంలో 7.5 శాతం మించకూడదన్న, 2017లో ఎత్తేసిన పరిమితి మళ్లీ వచ్చింది ఆ తీర్పుతోనే.

ఇదంతా విన్నాక వినాయక చవితి చందా పుస్తకం తెరిస్తే 5,000 రూపాయల గుప్తదానం ఒకటి కనిపించింది. దాత ఎవరో కమిటీకి తెలుసు. ఆయన ఇంటి ముందు స్పీడ్ బ్రేకర్ అర్జీ మా దగ్గరే పెండింగులో ఉంది. అర్జీలో న్యాయం ఉందనే అనుకుంటున్నాను, అయినా మూడు నెలలుగా దాన్ని ముట్టుకోలేకపోతున్నాం.

అందుకే 1,000 రూపాయలు దాటిన చందాదారుల పేర్లు బోర్డు మీద రాయాలన్న తీర్మానం పెడుతున్నాం. కమిటీలోనే ఇద్దరు వ్యతిరేకించారు. సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి ఓటు వేయాలి, దయచేసి అందరూ రండి.

మీ కార్యదర్శి