బొమ్మల చోట ఎర్ర ఇంటూ గుర్తులు: తల్లిదండ్రులకు ఒక లేఖ

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల పరీక్షల గురించి రాద్దామని కూర్చున్నాను. కానీ గత వారం ఎనిమిదో తరగతి ప్రాజెక్టుల రోజు జరిగింది ఇంకా మనసులో మెదులుతూనే ఉంది. పరీక్షల సంగతి వచ్చే నెల చూద్దాం.

ఒక పాప అగ్నిపర్వతాల మీద పీపీటీ చేసుకొచ్చింది. పెన్‌డ్రైవ్ పెట్టి ఫైల్ తెరిచింది. మొదటి స్లైడ్ చక్కగా వచ్చింది. రెండో స్లైడ్‌లో లావా పారుతూ ఉండాల్సిన చోట ఖాళీ పెట్టె, అందులో ఎర్రటి ఇంటూ గుర్తు. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. ఆ పాప గబగబా ముందుకీ వెనక్కీ తిప్పి, "ఇంట్లో అన్నీ వచ్చాయి మేడమ్" అంది. గొంతు అప్పటికే మారిపోయింది. వెనక వరుసలో కూర్చున్న నేను, "ముందే చూసుకోవాలి కదమ్మా" అనేశాను.

అనకుండా ఉండాల్సింది. ఆ పాప చూసుకుంది, ఒకసారి కాదు, నాలుగుసార్లు. వచ్చిన చిక్కేమిటంటే, ఇంట్లో అదే కంప్యూటర్‌లో ఎన్నిసార్లు చూసినా ఆ తప్పు బయటపడదు.

మధ్యాహ్నం మా కంప్యూటర్ మాస్టారితో కలిసి ఆ ఫైల్‌ని ల్యాబ్‌లో తెరిచి చూశాం. ఆయన ముందు స్లైడ్లు చూడలేదు, ఫైల్ సైజు చూశారు. పదకొండు ఫొటోలు ఉన్నాయని చెబుతున్న ఫైల్ రెండు వందల కేబీ కూడా లేదు. తర్వాత ఫైల్‌కి ఒక కాపీ తీసి, పేరు చివర ఉన్న పీపీటీఎక్స్ తీసేసి జిప్ అని పెట్టారు. నాకు ఇది కొత్త. 2007 నుంచి వస్తున్న ఈ పీపీటీఎక్స్ ఫైళ్లు నిజానికి జిప్ మూటలేనట. మూట విప్పితే లోపల పీపీటీ అనే ఫోల్డర్, దానిలో మీడియా అనే ఫోల్డర్. స్లైడ్లలోని బొమ్మలన్నీ అక్కడే ఉండాలి. ఉన్నది ఒక్కటే, మొదటి స్లైడ్‌లోది. మిగతా పదింటికీ బొమ్మ లేదు, దాని అడ్రసు మాత్రమే ఉంది: వాళ్ల ఇంటి కంప్యూటర్‌లో సీ డ్రైవ్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్, ఫలానా పేరు. ఇంట్లో తెరిచినప్పుడు ఆ అడ్రసులో బొమ్మ ఉంది కాబట్టి కనిపించింది. బడిలో ఆ అడ్రసే లేదు.

ఇది ఎలా జరిగిందో పాపనే చేసి చూపించమన్నాం. పవర్‌పాయింట్‌లో బొమ్మ ఎంచుకునే కిటికీలో ఇన్సర్ట్ బటన్ పక్కనే చిన్న బాణం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే మూడు దారులు: ఇన్సర్ట్, లింక్ టు ఫైల్, ఇన్సర్ట్ అండ్ లింక్. మొదటిది బొమ్మను ఫైల్‌లో పెడుతుంది. రెండోది అడ్రసు మాత్రమే రాసుకుంటుంది. మూడోది రెండూ చేస్తుంది. ఫైల్ తేలిగ్గా ఉంటుందని ఎవరో చెబితే ఈ పాప రెండోది ఎంచుకుంది. చెప్పినవాళ్లది అబద్ధమేమీ కాదు, తేలిగ్గానే ఉంటుంది. పవర్‌పాయింట్ లాంటిదే అయిన ఉచిత ప్రోగ్రామ్ లిబ్రెఆఫీస్ ఇంప్రెస్ వాడే ఇళ్లలో కూడా ఇదే ప్రమాదం ఉంది. అక్కడ బొమ్మ పెట్టే కిటికీలో లింక్ అని చిన్న గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టకూడదు.

ఇప్పటికే తయారైన పీపీటీలో ఇలాంటివి ఉన్నాయేమో తెలుసుకోవాలంటే ఫైల్ మెనూలో ఇన్ఫో తెరిచి, ఎడిట్ లింక్స్ టు ఫైల్స్ అనేది కనిపిస్తోందేమో చూడండి. అది లింకులు ఉంటేనే కనిపిస్తుంది. దాన్ని నొక్కితే ఏ ఫైల్ ఎక్కడుందో జాబితా వస్తుంది. ఆ బొమ్మల్ని తీసేసి, మామూలు ఇన్సర్ట్‌తో మళ్లీ పెడితే సరిపోతుంది.

మెనూలు వెతకడం విసుగనిపిస్తే ఇంకో చిట్కా. పీపీటీ మూసేసి, ఫొటోలు ఉన్న ఫోల్డర్ పేరు కాసేపు మార్చండి, చివర ఒక అక్షరం కలిపినా చాలు. వై-ఫై కూడా ఆపేసి పీపీటీ మళ్లీ తెరవండి. అడ్రసు మీద బతుకుతున్న బొమ్మలన్నీ అప్పుడే బయటపడతాయి. చూసుకున్నాక ఫోల్డర్‌కి పాత పేరు పెట్టేయండి. రెండో కంప్యూటర్ లేని ఇంట్లో ఇంతకంటే మంచి పరీక్ష నాకు తోచలేదు.

ఆ రోజు ఇబ్బంది పడింది ఈ పాప ఒక్కతే కాదు. ఇంకో అబ్బాయి ఐఫోన్‌తో తీసిన ఫొటోలు తెచ్చాడు. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఆ ఫోన్లు ఫొటోల్ని మామూలుగా హెచ్‌ఈఐసీ అనే పద్ధతిలో దాచుతున్నాయి. దానికి కావలసిన ఎక్స్‌టెన్షన్, అంటే అదనంగా వేసుకునే చిన్న ప్రోగ్రామ్, లేని విండోస్ కంప్యూటర్‌కి ఆ ఫైల్ అర్థం కాదు. అబ్బాయి తెలివిగా పేరు చివర హెచ్‌ఈఐసీ చెరిపి జేపీజీ అని రాశాడు. డబ్బా మీద చీటీ మార్చినంత మాత్రాన లోపలి సరుకు మారదు కదా! ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్ లోకి వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ అని పెట్టుకుంటే ఇకపై తీసేవన్నీ జేపీజీలోనే వస్తాయి. ఇదివరకే తీసినవాటిని మాత్రం తెరవగలిగే ప్రోగ్రామ్‌లో తెరిచి, సేవ్ యాజ్ లేదా ఎక్స్‌పోర్ట్ ద్వారా జేపీజీగా మార్చాలి. ఇంటర్నెట్ నుంచి దించుకునే వెబ్‌పీ బొమ్మలతోనూ ఇదే గొడవ, పాత పవర్‌పాయింట్ వాటిని తీసుకోదు. మా సలహా ఒక్కటే: ఫొటో అయితే జేపీజీ, పటాలూ గీసిన బొమ్మలూ అయితే పీఎన్‌జీ.

గూగుల్ స్లైడ్స్ వాడేవాళ్లకి లింకు బెడద తక్కువ, కానీ కొలతలు ఉన్నాయి. ఒక్కో బొమ్మ 50 ఎంబీకి, 25 మెగాపిక్సెల్‌కి లోపే ఉండాలి. కొత్త ఫోన్లలో కొన్ని 50 మెగాపిక్సెల్ ఫొటోలు కూడా తీస్తున్నాయి. "ఎక్కడం లేదు" అని పిల్లలు అంటే నెట్‌ను తిట్టుకునే ముందు ఫొటో సైజు చూడండి.

మిగతావి చిన్నవే. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన జిప్‌ని విప్పకుండా, లోపలి నుంచే పీపీటీ తెరిస్తే పక్కనున్న ఫొటోలు దానికి దొరకవు. ముందు ఎక్స్‌ట్రాక్ట్ చేయాలి. బొమ్మ ఫైల్‌లో ఉండి కూడా కనిపించకపోతే ఆల్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి. స్లైడ్‌లో ఉన్నవన్నీ పక్కన వరుసగా వస్తాయి. కన్ను గుర్తు మూసి ఉంటే పిల్లలు పొరపాటున దాన్ని దాచేశారన్నమాట. తయారు చేసేటప్పుడు బాగానే ఉండి, స్లైడ్ షోలో మాత్రం నల్లగా వస్తుంటే ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ తెరిచి హార్డ్‌వేర్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి చూడండి. ఈ ఆప్షన్ అన్ని వెర్షన్లలో ఉండకపోవచ్చు. ఇక యానిమేషన్ల మోజు ఒకటి! ఆ రోజే ఒక అబ్బాయి బొమ్మ రాలేదని అర నిమిషం బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. ముందు బెంచీ వాళ్లు "ఒరేయ్, ఇంకోసారి నొక్కరా" అని అరిచారు. నొక్కాడు, బొమ్మ గిరగిరా తిరుగుతూ వచ్చింది. అది తానే పెట్టుకున్న యానిమేషన్.

ఇక్కడ మీతో ఒక మాట. కొన్ని పీపీటీలు చూస్తే అవి పిల్లలు చేసినవో, రాత్రి పదకొండింటికి అమ్మానాన్నలు చేసినవో ఇట్టే తెలిసిపోతుంది. సాయం చేయండి, వద్దనను. కానీ మౌస్ వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి. బొమ్మ ఎక్కడి నుంచి తెచ్చిందో, ఎలా పెట్టిందో తెలిసిన పిల్ల, అది రాకపోతే కంగారుపడదు, ఎక్కడ వెతకాలో తెలుసు కాబట్టి. పక్కవాళ్లు చేసిపెట్టిన ఫైల్ మొరాయిస్తే మాత్రం టెన్షన్ తప్ప ఇంకేమీ మిగలదు.

మా వైపు నుంచి కొన్ని మార్పులు చేస్తున్నాం. ఇకపై ప్రాజెక్టుకి ముందు రోజు చివరి పీరియడ్‌లో ల్యాబ్ తెరిచి ఉంచుతాం. పిల్లలు పెన్‌డ్రైవ్ తెచ్చి, ఏ కంప్యూటర్‌లో చూపించబోతున్నారో దానిలోనే ఒకసారి మొత్తం నడిపి చూసుకోవచ్చు. పీపీటీతో పాటు పీడీఎఫ్ కాపీ కూడా తేవాలి. పీడీఎఫ్‌లో యానిమేషన్లు కదలవు, వీడియోలు ఆడవు, కానీ తయారు చేసినప్పుడు కనిపించిన బొమ్మలు ఎక్కడ తెరిచినా కనిపిస్తాయి. ఫొటోలన్నీ పెట్టిన ఫోల్డర్ కూడా అదే పెన్‌డ్రైవ్‌లో ఉంటే, అవసరమైతే ఐదు నిమిషాల్లో మళ్లీ అతికించుకోవచ్చు. బొమ్మలు రాలేదన్న కారణంతో ఇక మార్కులు తీయబోం. గత వారం తీసినవి కూడా తిరిగి కలిపాం.

అగ్నిపర్వతాల పాపకి సోమవారం మళ్లీ అవకాశం ఇచ్చాం. ఈసారి ఫైల్ పద్నాలుగు ఎంబీ. పదకొండు ఫొటోలూ వచ్చాయి. చివరి స్లైడ్‌లో తను ఒక ఖాళీ పెట్టె గీసి, దానిలో ఎర్రటి ఇంటూ గుర్తు పెట్టి, "ఇది మాత్రం నేనే పెట్టాను మేడమ్" అని నా వైపు చూసింది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు