శ్రీనుకి ఓర్లాండో నుంచి: పార్కు టికెట్లు కొనే ముందు ఇది చదువు

ఒరేయ్ శ్రీనూ,

టాంపాలో ఇల్లు కుదిరిందని, న్యూజెర్సీ నుంచి సామాను కూడా దిగిపోయిందని నీ మెసేజ్ చూశాక మా ఇంట్లో ఒకటే సందడి. ఇన్నేళ్లూ ఫోన్లలోనే బతికాం. ఇక మన మధ్య గంటంపావు దూరమే, ఐ-ఫోర్ హైవే మీద ట్రాఫిక్ లేకపోతే అనుకో. ఇంకా పెట్టెలు విప్పకముందే "పిల్లలు డిస్నీ డిస్నీ అని ప్రాణం తీస్తున్నారు, ఈ శనివారం వెళ్దామనుకుంటున్నాం, టికెట్లు ఎక్కడ చవక?" అని అడిగావు కదా. ఫోన్లో చెప్తే సగం గాల్లో పోతుందని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. చెల్లెమ్మని కూడా చదవమను, మీ ఇంట్లో లెక్కలు చూసేది తనే కదా.

ముందు ఒక్క మాట. ఈ శనివారం వెళ్లకండి.

డిస్నీ వరల్డ్‌లో ఒక్కరోజు టికెట్టుకి ఒకే ధర అంటూ ఉండదు. తేదీని బట్టి, పార్కుని బట్టి మారుతుంది. 2025లో తక్కువలో తక్కువ 119 డాలర్లు, అక్కడి నాలుగు పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కి రద్దీ రోజుల్లో 199 దాకా ఉండేది. దాని మీద ఆరున్నర శాతం ట్యాక్సు, కారు పెట్టినందుకు విడిగా ఇంకొంత. పదేళ్లలోపు పిల్లలకి తగ్గిస్తారు కానీ ఆ తగ్గింపు నాలుగు డబ్బులే. మామూలు శనివారం నలుగురూ వెళ్తే లోపల మంచినీళ్ల సీసా కూడా కొనకముందే ఏడు వందల డాలర్లు సులువుగా దాటేస్తుంది. బయట రాష్ట్రాల నుంచి, దేశాల నుంచి వచ్చేవాళ్లు అంత పెడతారంటే వాళ్లకి వేరే దారి లేదు. నీకుంది. నువ్విప్పుడు ఫ్లోరిడావాడివి, ఇక్కడివాళ్లకి తగ్గింపు టికెట్లుంటాయి.

అయితే ఆ సంగతి కాగితం మీద చూపించాలి. కొత్తగా వచ్చి స్థిరపడ్డవాళ్లు 30 రోజుల్లోపు ఫ్లోరిడా డ్రైవింగ్ లైసెన్సు తీసుకోవాలని ఎలాగూ రూలుంది, కాబట్టి మొదటి పని అదే పెట్టుకో. ఇక్కడ మనవాళ్లు చాలామందికి తట్టని విషయం ఒకటుంది. రుజువు ఇంటికొకటి కాదు, 18 దాటిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా కావాలి. లైసెన్సు లేకపోతే ఫొటో ఐడీతో పాటు కారు రిజిస్ట్రేషనో, కారు ఇన్సూరెన్సో, ఈ రెండు నెలల్లో వచ్చిన కరెంటు బిల్లో చూపించొచ్చు. కానీ మన ఇళ్లల్లో కరెంటు బిల్లు, ఇన్సూరెన్సు అన్నీ మగవాడి పేరు మీదే ఉంటాయి! ఒకసారి ఒక పార్కు టికెట్ కౌంటర్ దగ్గర మా ముందు ఒక తెలుగు జంట నిలబడ్డారు. ఆయన దగ్గర ఫ్లోరిడా లైసెన్సుంది, ఆవిడ దగ్గర పాత రాష్ట్రం లైసెన్సే ఉంది. ఆవిడ ఫోన్లో బిల్లులన్నీ ఒక్కొక్కటే తెరుస్తోంది, అన్నీ ఆయన పేరుతోనే వస్తున్నాయి. పిల్లాడు ఆయన భుజం మీద నిద్రపోయాడు. చివరికి ఆవిడ ఒక్కదానికీ పూర్తి ధర కట్టి లోపలికెళ్లారు. నాకు మనసు చివుక్కుమంది. కాబట్టి చెల్లెమ్మ హెచ్-ఫోర్ డిపెండెంట్ వీసా మీదున్నా, ఇక్కడ కారు నడిపే ఉద్దేశం లేకపోయినా, తన పేరుతో లైసెన్సు గానీ స్టేట్ ఐడీ గానీ చేయించు. పార్కులకే కాదు, రేపు ఎన్నింటికో పనికొస్తుంది.

ఇక అసలు తగ్గింపుల సంగతి. సెలవులప్పుడు దేశం మొత్తం ఇక్కడికే వస్తుంది, వాళ్లకి మన అవసరం లేదు. సెలవులు అయిపోయాక, మామూలు పనిరోజుల్లో పార్కులు పలచబడతాయి. అప్పుడు వచ్చేది పక్క ఊళ్లవాళ్లే. లోకల్ టికెట్లన్నీ ఆ ఖాళీని నింపడానికే పెట్టారు. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే ఏ ఆఫర్ చూసినా నీకే అర్థమైపోతుంది. క్రిస్మస్‌కి, ఈస్టర్ చుట్టూ, థాంక్స్ గివింగ్‌కి "ఈ తేదీల్లో చెల్లదు" అని ఎందుకుంటుందో కూడా.

డిస్నీ వాళ్లు ఏటా కొత్త సంవత్సరం మొదట్లో ఫ్లోరిడావాళ్ల కోసం మూడు, నాలుగు రోజుల టికెట్టు తెస్తారు. ఈమధ్య దాన్ని డిస్కవర్ డిస్నీ టికెట్ అంటున్నారు. 2024లో నాలుగు రోజులది రోజుకి 60 డాలర్ల లెక్కన పడింది. పైన చెప్పిన ధరల పక్కన పెట్టి చూసుకో. ఇంకా మంచి సంగతేంటంటే ఆ రోజులు వరసగా వాడక్కర్లేదు. జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి, అలా నీ వీలుని బట్టి. బయటి ఊరివాడికి ఆ వెసులుబాటు ఇచ్చినా లాభం లేదు, మనకి మాత్రం బంగారం. ఏ రోజు ఏ పార్కుకో ముందే బుక్ చేసుకోవాలా (పార్కు రిజర్వేషన్) వద్దా అన్నది మాత్రం కొనేటప్పుడే చూసుకో.

ఇక్కడికి వచ్చిన ప్రతివాడికీ మొదటి నెలలోనే యాన్యువల్ పాస్ మీద మనసు పోతుంది. నీకూ పోతుంది, నాకు తెలుసు. డిస్నీలో నాలుగు రకాలున్నాయి: పిక్సీ డస్ట్, పైరేట్, సోర్సరర్, ఇంక్రెడీ. మొదటి రెండూ ఫ్లోరిడావాళ్లకే. పైగా మనకి వడ్డీ లేకుండా నెలనెలా కట్టే పద్ధతి ఉంది. మొదట కొంత కట్టి మిగతాది 12 నెలలు. నెలకి ఇంతేనా అనిపిస్తుంది, అక్కడే ఆగాలి. అన్నిటికన్నా చవకైన పిక్సీ డస్ట్ దాదాపు పనిరోజులకే పనికొస్తుంది, శని ఆదివారాలు చెల్లదు. మీ పింకీకి స్కూలుంది, నీకు ఆఫీసుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎప్పుడెళ్తావ్? రిటైరైన వాళ్లకి, వారం మధ్యలో సెలవుండే నర్సులకి అది అద్భుతమైన పాస్. మీకు మాత్రం ఊరికే డబ్బులు కట్టడమే. శని ఆదివారాలు కావాలంటే పైరేట్ దాకా వెళ్లాలి, దాని ధర చాలా ఎక్కువ. పాస్ ఉంటే పార్కింగ్ ఫ్రీ, తిండి మీద, బొమ్మల మీద కొంత తగ్గింపు. అవన్నీ కలిపి, ఏడాదిలో నిజంగా ఎన్నిసార్లు వెళ్లగలవో ఆలోచించు. ఆ లెక్క వేసేటప్పుడు పిల్లల ఉత్సాహం కాదు, స్కూల్ క్యాలెండర్ ముందు పెట్టుకో.

క్యాలెండర్ అంటే గుర్తొచ్చింది. ఇక్కడ స్కూళ్లకి అప్పుడప్పుడు నాన్ స్టూడెంట్ డే అని వస్తుంది. టీచర్లకి పనుంటుంది, పిల్లలకి సెలవు. ఒక్కో కౌంటీకి, అంటే మన జిల్లాలాంటిదానికి, ఒక్కో తేదీ. మిగతా దేశానికి అది మామూలు సోమవారమో శుక్రవారమో, అంతే. ఆ రోజుల్ని ఇప్పుడే ఎర్ర పెన్నుతో చుట్టేసి పెట్టు, నీ ఆఫీసులో ముందే లీవు చెప్పు. నన్నడిగితే లోకల్‌గా ఉండటంలో ఉన్న అసలు లాభం ఆ రోజులే.

మీకు నేను చెప్పే మొదటి పార్కు మాత్రం డిస్నీ కాదురా. మీ ఊళ్లోనే బుష్ గార్డెన్స్ ఉంది, 1959 నుంచీ ఉంది. ఏనుగులు, జిరాఫీలు, గుండె జారిపోయే రోలర్ కోస్టర్లు, అన్నీ ఒక్కచోటే. అక్కడ ఫన్ కార్డ్ అని ఒకటుంది. ఇంచుమించు ఒకరోజు టికెట్టు డబ్బులకే డిసెంబరు 31 దాకా ఎన్నిసార్లైనా వెళ్లొచ్చు, కార్డు చెల్లని కొన్ని బ్లాకవుట్ తేదీలు తప్ప. అక్టోబరు, నవంబరుల్లో వచ్చే ఏడాది కార్డు కొంటే ఈ ఏడాది మిగిలిన రోజులు కూడా మామూలుగా కలిపి ఇస్తుంటారు. అలా ఉందేమో చూసి తీసుకో. ఇంకో విషయం, మీ చిన్నోడికి నాలుగేళ్లే కదా? ఐదేళ్లదాకా వయసున్న ఫ్లోరిడా పిల్లలకి అక్కడి ప్రీస్కూల్ కార్డ్ పూర్తిగా ఉచితం. ఆన్‌లైన్‌లో గడువులోపు రిజిస్టర్ చేసి, మొదటిసారి వెళ్లినప్పుడు వాడి బర్త్ సర్టిఫికెట్టో పాస్‌పోర్టో చూపించాలి. ఇది తెలియక వాడికి టికెట్టు కొనేవాళ్లని ఎంతమందిని చూశానో. అయితే ఫన్ కార్డులో పార్కింగ్ కలవదు. మరీ తరచుగా వెళ్తామనిపిస్తే పార్కింగ్ కలిసొచ్చే పాస్ ధర కూడా పక్కన పెట్టి చూడు. నెలనెలా కట్టే పాస్ అయితే ఏడాది అయ్యాక దానంతట అదే సాగుతుంది, నువ్వే ఆపించాలి. ఫోన్లో ఇప్పుడే రిమైండర్ పెట్టుకో.

ఓర్లాండోలో డిస్నీకి పోటీగా ఉన్న యూనివర్సల్ పార్కుల గురించి ఎక్కువ రాయను. 2025 మే 22న వాళ్లు ఎపిక్ యూనివర్స్ అని కొత్త పార్కు తెరిచారు, జనం విరగబడ్డారు. అక్కడ చాలా రైడ్లకి ఎత్తు నిబంధన ఉంటుంది, మీ చిన్నోడు బయట నిలబడాల్సొస్తుంది. వాడు కాస్త ఎదిగాక చూద్దాం.

నీకు ముఖ్యంగా చెప్పాల్సింది ఇది. టికెట్టులో మిగిలేది ఒక ఎత్తు, వెళ్లే పద్ధతిలో మిగిలేది ఇంకో ఎత్తు. దూరం నుంచి వచ్చినవాడు పొద్దున ఏడింటికి గేటు దగ్గరుండి, క్యూ తప్పించుకోవడానికి లైట్నింగ్ లేన్‌కి ఇంకా డబ్బులు కట్టి, రాత్రి బాణసంచా దాకా పిల్లల్ని ఈడ్చుకుంటూ తిరుగుతాడు. నీకా అవసరం లేదు. నాలుగు రైడ్లు ఎక్కి ఇంటికొచ్చెయ్. మిగతావి వచ్చేసారి. క్యూ రెండు గంటలుంటే ఆ రైడు ఎక్కకు, అంతే. డిస్నీ పాస్ ఉన్నవాళ్లైతే మధ్యాహ్నం రెండు తర్వాత రిజర్వేషన్ లేకుండానే వెళ్లొచ్చు, శని ఆదివారాల్లో మ్యాజిక్ కింగ్‌డమ్ ఒక్కటి తప్ప. ఎండాకాలంలో మధ్యాహ్నం మూడు, నాలుగింటికి ఆకాశం నల్లబడి ఉరుములు మొదలవుతాయి. బయటి రైడ్లన్నీ ఆపేస్తారు, టూరిస్టులు ప్లాస్టిక్ రెయిన్‌కోట్లలో తడిసి ముద్దై, స్ట్రోలర్లు తోసుకుంటూ బస్సుల వైపు పరుగెడతారు. గంటలో వాన వెలుస్తుంది. నేల మీద నీళ్లు ఇంకా ఆవిరవుతుంటే మేం అప్పుడు లోపలికెళ్తాం. అప్పటికి జనం సగం ఖాళీ, గాలి చల్లగా ఉంటుంది. పిల్లలు ఒక రైడు దిగి మళ్లీ అదే ఎక్కుతారు. ఆ సాయంత్రాలంటే నాకు ప్రాణం.

తిండి ఇంటి నుంచే పట్టుకెళ్లండి. డిస్నీలో బయటి ఆహారం రానిస్తారు. గాజు సీసాలు, విడి ఐస్ ముక్కలు, మందు మాత్రం కుదరవు. మా ఇంట్లో పులిహోర, దద్దోజనం రెండు డబ్బాల్లో సర్దేస్తాం. బ్యాగులు చూసేచోట మూత తీసి చూపించమని ఎప్పుడైనా అడుగుతారు, ఇంగువ వాసనకి ఒకాయన "ఏంటిది, బాగుంది" అన్నాడు కూడా. తిండి కౌంటర్ల దగ్గర అడిగితే ఐస్ వేసిన మంచినీళ్లు గ్లాసుతో ఉచితంగా ఇస్తారు, సీసాలు కొనొద్దు.

వచ్చే వేసవికి అమ్మానాన్నల్ని తీసుకొస్తానన్నావు. విజిటర్ వీసా మీద వచ్చేవాళ్లకి లోకల్ టికెట్టు వర్తించదు, మామూలుదే కొనాలి. వాళ్ల వయసుకి డిస్నీ నాలుగు పార్కులూ అక్కర్లేదు. వాటిలో ఒకటైన ఎప్‌కాట్‌లో 11 దేశాల పేరుతో కట్టిన వీధులున్నాయి, నడుచుకుంటూ చూడొచ్చు, అదొక్కరోజు చాలు. ఇంకోరోజు యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ హోటల్లో సనా అనే రెస్టారెంటుకి తీసుకెళ్లు. దానికి పార్కు టికెట్టే అక్కర్లేదు, ముందు టేబుల్ బుక్ చేసుకుంటే చాలు. నాన్, పచ్చళ్లలాంటివి రకరకాలుగా పెడతారు, కిటికీ అవతల జిరాఫీలు తిరుగుతుంటాయి. మా అమ్మ తినడం మానేసి కిటికీ దగ్గరే నిలబడిపోయింది. మోనోరైల్ ఎక్కించు, డిస్నీ స్ప్రింగ్స్ అనే షాపుల వీధుల్లో తిప్పు, అక్కడ పార్కింగ్ కూడా ఫ్రీ.

వాట్సాప్ గ్రూపుల్లో "నాలుగు రోజుల టికెట్లో రెండు రోజులు మిగిలాయి, సగానికిస్తాం" అని మెసేజ్‌లు వస్తాయి. ముట్టుకోకు. డిస్నీలో గేటు దగ్గర వేలు స్కాన్ చేస్తారు, టికెట్టు మొదటివాడి పేరు మీదే ఉండిపోతుంది. కొంత వాడేసిన టికెట్టు ఇంకొకరికి అమ్మడం ఫ్లోరిడా చట్టం ప్రకారం నేరం కూడా. వీసా మీద ఉన్నవాళ్లం, మనకెందుకురా ఆ టెన్షన్.

సరే, ఇప్పుడు నువ్వు చేయాల్సింది: మీ కౌంటీ స్కూల్ క్యాలెండర్ ఫొటో తీసి పంపు, పింకీ పదో పుట్టినరోజు ఏ నెలలోనో చెప్పు. పదేళ్లు నిండితే డిస్నీలో పెద్దవాళ్ల టికెట్టే, తేడా కొంచెమే అయినా పుట్టినరోజుకి ముందే ఒకసారి తిప్పుకొచ్చేద్దాం. లైసెన్సు ఆఫీసుకి అపాయింట్‌మెంట్ ఇద్దరికీ ఒకేరోజు తీసుకో, ఇద్దరి ఐ-94 కాగితాలు (దేశంలోకి వచ్చిన రికార్డు), అడ్రసు రుజువులు రెండేసి పట్టుకెళ్లండి. జనవరిలో డిస్నీ ఆఫర్ రాగానే నేను ఫోన్ చేస్తా, మన రెండు కుటుంబాలకీ ఒకే తేదీలు చూసి కొందాం.

నీ
రవి